ఎడిసన్ నుంచి ఆరు కుటుంబాలతో వలస పక్షులను చూడడానికి: ఎప్పుడు, ఎక్కడికి, ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల ఉంటున్న ఆరు కుటుంబాలవారు, పిల్లలతోనూ ఇండియా నుంచి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళతోనూ కలిపి 22 మంది, లేబర్ డే సెలవుల్లో ఒక రోజు బయలుదేరి దక్షిణానికి తరలిపోయే పాట పిట్టలనూ తీరపక్షులనూ చూడాలనుకుంటున్నారు. వలస అంటే అక్టోబరు కదా, ఆగస్టు చివర వెళితే ఏమైనా కనిపిస్తాయా అన్నది మీ మొదటి సందేహం. రెండు రకాలనూ ఒకే రోజు చూడవచ్చా, ఏమేమి కొనాలి, గైడ్ అవసరమా అన్నవి మిగిలినవి.

సూటిగా చెబుతాను. ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా మీకు చాలా మంచి సమయం. తీరపక్షుల విషయంలో అక్టోబరు దాకా ఆగితే సగం పండుగ అయిపోయినట్టే. కానీ రెండు రకాలనూ ఒకే రోజున, 22 మందితో చూడాలనుకోకండి. వాటిని రెండు వేరు వేరు ఉదయాలకు పంచుకోండి: తీరపక్షులకు అట్లాంటిక్ సిటీ దగ్గరి ఎడ్విన్ బి. ఫోర్సైత్ వన్యప్రాణి ఆశ్రయం, పాట పిట్టలకు ప్యాటర్సన్ పక్కనున్న గ్యారెట్ మౌంటెన్. మొదటిదానికి ముహూర్తం పెట్టేది సముద్రపు పోటు, రెండోదానికి పెట్టేది ముందు రోజు రాత్రి గాలి. ఈ రెండు గడియారాలూ ఒకే శనివారం మనకు అనుకూలంగా కొట్టడం అరుదు. పన్నెండేళ్ళుగా మన తెలుగు కుటుంబాలను చిన్న చిన్న బృందాలుగా ఈ చోట్లకు తీసుకువెళుతున్నాను. మంచి రోజులకూ వృథా అయిన రోజులకూ తేడా దాదాపు ప్రతిసారీ ఇక్కడే వచ్చింది.

ముందు ఆ అక్టోబరు సంగతి. మనకు ఎండాకాలం ముగియకముందే ఆర్కిటిక్‌లో పిల్లలను పెంచే కాలం ముగిసిపోతుంది. తీరపక్షుల్లో పెద్దవి జూన్ చివర, జూలై మొదట్లోనే దక్షిణానికి తిరుగుతాయి. కొన్ని జాతుల్లో ఆడపక్షులు పిల్లలను మగపక్షికి అప్పగించి ముందే బయలుదేరతాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు కొన్ని వారాల తరువాత, దారి చూపే పెద్దలు ఎవరూ లేకుండా, తమంతట తామే వస్తాయి. అందుకే ఆగస్టు చివర మీకు రెండు తరాలూ పక్కపక్కనే కనిపిస్తాయి: రెక్కలు అరిగి రంగు వెలిసిన పెద్దవి కొన్ని, ఈకల అంచులు చేప పొలుసుల్లా తీర్చినట్టు కొత్తగా మెరిసే పిల్లలు ఎన్నో. పాట పిట్టల్లోనూ ఎల్లో వార్బ్లర్ వంటివి జూలై నుంచే కదులుతాయి. రెడ్‌స్టార్ట్, కెనడా వార్బ్లర్, బ్లాక్‌బర్నియన్, మ్యాగ్నోలియా వంటివి ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు నెలంతా దాటిపోతాయి. అక్టోబరులో మిగిలేవి ఎక్కువగా ఎల్లో-రంప్డ్ వార్బ్లర్లు, పిచ్చుక జాతులవాళ్ళు. అవీ అందమైనవే, కాని మీరు అడిగినవి అవి కావు.

ఇక పోటు. తీరపక్షులు బురదలో పురుగులను ఏరుకొని తినే జీవులు. ఆటు సమయంలో నీరు వెనక్కి తగ్గి మైళ్ళకొద్దీ బురద బయటపడుతుంది కనుక అవి ఆ విశాలంలో చెల్లాచెదురై, మనకు చుక్కల్లాగా మాత్రమే కనిపిస్తాయి. పోటు వచ్చి ఆ బురద మునిగిపోయినప్పుడు నిలబడడానికి చోటు లేక, గట్లు కట్టి నీరు నిలిపిన మడుగుల్లోకి, అంటే సరిగ్గా మనం నిలబడగలిగిన చోటికే, గుంపులుగా చేరతాయి. కాబట్టి పోటు నిండడానికి రెండు గంటల ముందు అక్కడ ఉండాలి, నిండిన తరువాత మరో గంట ఉండాలి.

ఇది నేను నేర్చుకున్నది తలవంపులతోనే. మొదటి ఏడాది 19 మందిని వెంటబెట్టుకొని, పోటు పట్టిక చూడకుండా, అందరికీ వీలైన సమయమని మధ్యాహ్నం పన్నెండింటికి ఒక ఉప్పునీటి చిత్తడికి వెళ్ళాను. పూర్తి ఆటు. పక్షులు అర కిలోమీటరు అవతల, వేడికి అలలాడే గాలిలో, స్కోపులో (మూడు కాళ్ళ మీద నిలిపే దూరదర్శినిలో) కూడా కరిగిపోతున్నాయి. ఒక ఎనిమిదేళ్ళ పిల్లవాడు స్కోపులోంచి తల ఎత్తి, "అంకుల్, అవి కదిలే మట్టిగడ్డలా?" అని అడిగాడు. పులిహోర తిని ఇంటికి వచ్చేశాం.

మన ఇళ్ళలో ఉండే ఒక వస్తువు ఇక్కడ బాగా పనికి వస్తుంది: వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్. పోటు నడిచేది చంద్రుణ్ణి బట్టి. తిథి నడిచేదీ చంద్రుణ్ణి బట్టే. రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున పోటు ఆలస్యమవుతుంది కనుక, ఈ శనివారం ఉదయం పదింటికి నిండిన నీరు వచ్చే శనివారం అదే వేళకు దాదాపు పూర్తిగా తగ్గి ఉంటుంది. న్యూజెర్సీ తీరంలో అమావాస్యకూ పౌర్ణమికీ అటూఇటూగా ఉదయం పూట పోటు నిండుతుంది, అష్టమి ప్రాంతంలో మధ్యాహ్నం దాటాక నిండుతుంది. పైగా అమావాస్య, పౌర్ణమి పోటు మిగిలిన రోజులకంటే ఎత్తుగా వస్తుంది కనుక బురద పూర్తిగా మునిగి పక్షులన్నీ మడుగుల్లోకి రాక తప్పదు. కాబట్టి ఆగస్టు 25కూ సెప్టెంబరు 15కూ మధ్య, అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజుల దూరంలో పడే శనివారమో ఆదివారమో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. అది లేబర్ డే వారాంతమే అయితే మీ అదృష్టం. కాకపోతే సెలవును వదులుకోండి, పోటును వదులుకోకండి. వినాయక చవితి కూడా తరచు ఈ రోజుల్లోనే వస్తుంది గనుక ఆ లెక్క కూడా ముందే చూసుకోవడం మంచిది.

తిథి చూడడం రోజు ఎంచుకోవడానికి మాత్రమే. గంటా నిమిషం కోసం అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) వారి పోటు పట్టికే చూడాలి, అందులోనూ మీరు వెళ్ళే చోటికి దగ్గరి కేంద్రాన్ని ఎంచుకోవాలి. అట్లాంటిక్ సిటీ సముద్రపు ఒడ్డున నీరు నిండిన గంటకు పైగా దాటితేగాని వెనుకనున్న లోపలి ఉప్పునీటి పాయల్లో నిండకపోవచ్చు. చాలామంది ఇక్కడ పొరబడి, పక్షులు రాకముందే వెనుదిరుగుతారు.

ఫోర్సైత్‌నే ఎందుకు చెబుతున్నానంటే, మీ బృందంలో పెద్దవాళ్ళూ చిన్నపిల్లలూ ఉన్నారు. అక్కడ మడుగుల చుట్టూ గట్ల మీద 8 మైళ్ళ కంకర దారి ఉంది. కారులోనే మెల్లగా వెళుతూ, నచ్చిన చోట పక్కకు ఆపుకొని చూడవచ్చు. ఒక పక్క గట్టు లోపలి మడుగులు, మరో పక్క ఉప్పునీటి చిత్తడి, దాని వెనుక ఆకాశంలో అట్లాంటిక్ సిటీ క్యాసినోల మేడలు కనిపిస్తాయి. కారును పక్షులు పెద్దగా లెక్కచేయవు, తలుపు తీసి దిగిన మనిషిని చూస్తే లేచిపోతాయి. అందుచేత నడవలేనివారికి అక్కడ నష్టం ఏమీ లేదు, కొన్నిసార్లు లాభమే. ఈ ఆశ్రయం 1939లో బ్రిగంటీన్ ఆశ్రయంగా మొదలై, 1984లో బార్నెగాట్ ఆశ్రయంతో కలిసి ఇప్పటి పేరు తెచ్చుకుంది. పాతకాలపు పక్షి ప్రేమికులు ఇప్పటికీ "బ్రిగ్" అనే అంటారు. ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద గంటన్నర ప్రయాణం. గట్ల మీది దారి ఒకవైపుగానే సాగుతుంది కనుక దాని మీదకు ఎక్కే ముందే అందరూ మరుగుదొడ్డి పని ముగించుకోవాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, పిల్లలున్న బృందానికి కాదు.

న్యూయార్క్‌లోని జమైకా బే ఈస్ట్ పాండ్ ఇంతకన్నా దగ్గరగా పక్షులను చూపిస్తుందని మీకు ఎవరైనా చెబితే అది నిజమే. వేసవిలో అక్కడ చెరువు నీటిని తగ్గించినప్పుడు పక్షులు ముప్పై అడుగుల దూరంలో మేస్తాయి, పక్కనే ఏ-ట్రైను వెళుతుంటుంది, తల మీద కెనడీ విమానాశ్రయానికి దిగే విమానాలు. కాని మోకాలి దాకా బూట్లు వేసుకొని జారే బురదలో నడవాలి. బాగా నడవగలిగిన నలుగురు వేరుగా వెళ్ళడానికి అది బంగారం, మీ 22 మందికి కాదు.

అక్కడికి చేరాక ఏం చూడాలో చెబుతాను. కొత్తవాళ్ళు చేసే తప్పు, ముందు పేరు పట్టుకోవాలని చూడడం. బూడిదరంగు పిట్టలన్నీ ఒకేలా ఉండడంతో పది నిమిషాల్లో విసుగు వస్తుంది. నేను పిల్లలకు మొదట పేరు చెప్పను, తినే తీరు చూడమంటాను. నాలుగు అడుగులు పరుగెత్తి టక్కున ఆగి, తల వంచి ఒక్కసారి పొడిచి, మళ్ళీ పరుగెత్తేది ప్లోవర్. పొడవాటి ముక్కును పైకీ కిందికీ కుట్టుమిషను సూదిలా ఆపకుండా దింపేది డౌవిచర్. పసుపుపచ్చని పొడవు కాళ్ళతో నీటిలో విసవిసా నడుస్తూ పైపైన ఏరుకొనేది ఎల్లోలెగ్స్. గుంపులు గుంపులుగా తల దించుకొని నీటి అంచున కిటకిటలాడే చిన్నవాటిని ఇక్కడ అందరూ "పీప్స్" అంటారు. వాటిలో కాళ్ళు నల్లగా ఉంటే చాలావరకు సెమిపాల్మేటెడ్ శాండ్‌పైపర్, పసుపుగా ఉండి ఒళ్ళు గోధుమరంగైతే లీస్ట్ శాండ్‌పైపర్. కాళ్ళకు బురద అంటితే ఈ తేడా మాయమవుతుందని కూడా ముందే చెప్పాలి, లేకపోతే పిల్లలు మనల్ని నమ్మడం మానేస్తారు. ఇంతకుమించి మొదటి రోజు అక్కరలేదు. వెస్టర్న్, వైట్-రంప్డ్ శాండ్‌పైపర్లను విడదీసి గుర్తించడం వంటి సూక్ష్మాలు మరుసటి ఏడాదికి.

ఆ సెమిపాల్మేటెడ్ శాండ్‌పైపర్ చేతిలో పట్టుకుంటే పాతిక ముప్పై గ్రాములు. కెనడాలోని ఫండీ అఖాతంలో బురదరొయ్యలు తిని ఒంటి బరువును దాదాపు రెట్టింపు చేసుకొని, అక్కడినుంచి సముద్రం మీదుగా ఆగకుండా దక్షిణ అమెరికా ఉత్తర తీరానికి వెళ్ళేవి వీటిలో ఎన్నో ఉన్నాయి. అందుకే పక్షులను అనవసరంగా లేపకూడదని ప్రతి బృందానికీ నేను మొదటే చెబుతాను. మన ఫొటో కోసం ఒకసారి ఎగిరిన గుంపు కొన్ని నిమిషాల మేత, కొంత కొవ్వు పోగొట్టుకుంటుంది. రోజంతా అలా పది కార్లవాళ్ళు లేపితే ఆ నష్టం చిన్నది కాదు. మేస్తున్నవి మేత ఆపి తలలు ఎత్తాయంటే మీరు ఇప్పటికే దగ్గరికి వచ్చేశారన్నమాట, ఆగండి. డ్రోన్లు ఆశ్రయాల్లో నిషిద్ధం. మీ బృందంలో ఎవరికైనా ఆ సరదా ఉంటే ఇంట్లోనే పెట్టి రమ్మనండి.

ఒక్కోసారి మనం ఏమీ చేయకుండానే గుంపంతా ఒక్కసారిగా లేచి, వెండి రేకు తిప్పినట్టు తెల్లగా, మళ్ళీ నల్లగా తిరుగుతుంది. అప్పుడు పక్షుల వైపు కాక పైకి చూడమని చెప్పండి: పెరిగ్రిన్ డేగో మెర్లిన్ డేగో వచ్చి ఉంటుంది. నాతో వచ్చిన పిల్లలకు ఏళ్ళ తరువాత కూడా గుర్తున్నది ఏ పక్షి పేరూ కాదు, ఆ అర నిమిషమే.

పాట పిట్టల సంగతి పూర్తిగా వేరు. అవి రాత్రిపూట ఎగురుతాయి. పొద్దుగూకిన అరగంట, ముప్పావు గంటకు లేచి, తెల్లవారేలోపు కింద కనిపించిన చెట్ల గుబుర్లలో దిగి, ఆకలితో మొదటి రెండు మూడు గంటలు ఎడతెరిపి లేకుండా తింటాయి. వాటికి కావలసింది వెనుకనుంచి తోసే గాలి. చలిగాలి తెర ఒకటి దాటిపోయి, ఉక్కపోత విరిగి, వాయవ్యం నుంచి పొడిగాలి మొదలైన రాత్రి లక్షలకొద్దీ బయలుదేరతాయి. దక్షిణపు గాలితో ఉక్కపోసే రాత్రుల తరువాత అదే అడవి ఖాళీగా ఉంటుంది. ఇది నెల ముందు తెలిసే విషయం కాదు. కాబట్టి పాట పిట్టలకు తేదీ కాదు, రెండు మూడు వారాంతాలు ఖాళీగా పెట్టుకోండి. గురువారం వాతావరణం చూసి, శుక్రవారం సాయంత్రం నిర్ణయించండి. బర్డ్‌కాస్ట్ అనే సైటు వాతావరణ రాడార్ల ఆధారంగా ఆ రాత్రి ఎక్కడ ఎంత వలస సాగుతుందో ఆగస్టు నుంచి నవంబరు మధ్య దాకా అంచనా వేస్తుంది. తెల్లవారుజామున లేచి మీ కౌంటీ మీదుగా రాత్రి ఎన్ని దాటాయో కూడా చూసుకోవచ్చు. ఆరు కుటుంబాలను శుక్రవారం రాత్రి ఒప్పించడం కష్టమని నాకు తెలుసు. రాగలిగినవాళ్ళు వస్తారు, పాట పిట్టలకు అసలు పది మందికి మించకపోవడమే మంచిది.

గ్యారెట్ మౌంటెన్ ఎందుకంటే, చుట్టూ ఊళ్ళూ రోడ్లూ పరుచుకున్న చోట అది ఒక అడవి దీవి. తెల్లవారుజామున పైనుంచి చూసే పిట్టకు దిగడానికి కనిపించే పచ్చదనం అదే. ఎడిసన్ నుంచి ముప్పావు గంట దూరం, నడక తేలిక. సూర్యోదయానికల్లా అక్కడ ఉండాలి, పదింటికి ముగించాలి. "పిల్లలు లేచాక, టిఫిన్ చేసి వస్తాం" అనేవారికి నేను మర్యాదగా ఫోర్సైత్ రోజు మాత్రమే చెబుతాను.

శరత్తులో ఇవి పాడవు, చిన్నగా "చిప్" మంటాయి అంతే. ఫోనులో మెర్లిన్ ఆప్ పెట్టుకొని పాటనుబట్టి పట్టుకుందామనుకుంటే వసంతంలో ఉన్నంత ఉపయోగం ఉండదు. దానికి బదులు చికడీ, టిట్‌మౌస్ అనే పిట్టలు చేసే రొదను వెతకండి. అవి ఊరివాళ్ళు, ఎక్కడ తిండి ఉందో, ఎక్కడ డేగ పొంచి ఉందో వాటికి తెలుసు. కొత్తగా దిగిన వార్బ్లర్లు వాటి వెంట తిరుగుతాయి. అలాంటి గుంపు దొరికితే నడవడం ఆపి, అరగంట ఒకేచోట నిలబడండి. తోకను విసనకర్రలా విప్పి మూస్తూ గెంతేది రెడ్‌స్టార్ట్, చెట్టు బోదె మీద ఉడుతలా పాకేది బ్లాక్-అండ్-వైట్ వార్బ్లర్. ఈ రెండింటితో మొదలుపెడితే చాలు. వసంతపు రంగులు వెలిసిపోయి ఆకుపచ్చ కలిసిన పసుపులో ఉండే బ్లాక్‌పోల్, బే-బ్రెస్టెడ్‌ల దగ్గర నేను కూడా సగంసార్లు "తెలియదు" అని రాసుకుంటాను. ఆ బ్లాక్‌పోల్ బరువు సుమారు 12 గ్రాములే; ఈశాన్య తీరం నుంచి అట్లాంటిక్ మీదుగా రెండు మూడు రోజులు ఆగకుండా ఎగిరి కరీబియన్ దీవులకు చేరుతుందని 2015లో వీపుకు కట్టిన చిన్న పరికరాల ద్వారా నిర్ధారణ అయింది. ఈ పిట్టల పిలుపులను ఫోనులో గట్టిగా వినిపించి రప్పించవద్దు. రాత్రంతా ఎగిరి వచ్చినవాటి తిండి వేళ అది.

బృందం నడపడం గురించి. 22 మందిని ఒకే గుంపుగా కదిలించకండి. ఫోర్సైత్‌లో నాలుగు కార్లకు మించకుండా, 11 మంది చొప్పున రెండు బృందాలుగా, అరగంట తేడాతో బయలుదేరండి. ఒక్కో బృందానికి పక్షులు కాస్త తెలిసినవారు ఒకరు ఉండాలి. మీలో ఎవరూ లేకపోతే న్యూజెర్సీ ఆడుబాన్ వంటి సంస్థలు ఈ కాలంలో నడకలు నిర్వహిస్తాయి. మీలో ఇద్దరు ముందు వారం అలాంటి నడకకు వెళ్ళి చూసి వస్తే, మిగిలిన ఇరవై మందికి వాళ్ళే చూపించగలుగుతారు. డబ్బిచ్చి గైడును పెట్టుకోవడంకంటే నాకు ఇదే నచ్చుతుంది. బయలుదేరే ముందు రాత్రి ఈబర్డ్‌లో (పక్షులను చూసినవారు తమ జాబితాలు పెట్టే సైటు) ఆ చోటి తాజా జాబితాలు చూసుకోండి. ఏ మడుగు దగ్గర ఏమున్నాయో తెలుస్తుంది.

కొనవలసింది బైనాక్యులర్ మాత్రమే, అది కూడా కుటుంబానికి ఒకటి చాలు. 8x42 (8 రెట్లు పెద్దగా చూపేది) తీసుకోండి, 10, 12 అంటూ పెద్ద అంకెల వైపు పోకండి, చేయి వణికి ఏమీ నిలవదు. తీరపక్షులకు స్కోపు లేకపోతే కష్టమే కాని మొదటి ఏడాది కొనవద్దు, ఎవరినైనా అడిగి ఒకటి రెండు తెచ్చుకోండి. స్కోపు దగ్గర వరుసలో ఒక్కొక్కరికి పది సెకన్లు, పిల్లలు ముందు. ఈ నియమం పెట్టకపోతే పెద్దవాళ్ళే అతుక్కుపోతారు. వెలుతురు వీపు వెనుక ఉండేలా నిలబడాలి, ఎదురెండలో ప్రతి పక్షీ నల్లగానే కనిపిస్తుంది.

పురుగుల మాట దాచకుండా చెప్పాలి. ఫోర్సైత్‌లో గ్రీన్‌హెడ్ ఈగలు జూలైలోనూ ఆగస్టు సగం వరకూ రక్తం వచ్చేలా కుడతాయి, మందు రాసుకున్నా ఆగవు. నేను ఆగస్టు 25కు ముందు కుటుంబాలను తీసుకెళ్ళకపోవడానికి సగం కారణం అవే. గ్యారెట్ మౌంటెన్‌లో భయం గోమార్లది (టిక్స్): అవి లైమ్ వ్యాధిని మోసుకొస్తాయి కనుక పొడవు ప్యాంట్లు వేసుకొని, కాళ్ళ అంచులను సాక్సులోకి దోపుకొని, ఇంటికి రాగానే మోకాలి వెనుక, నడుము దగ్గర, పిల్లల జుట్టులో వెతకాలి. మూడు ఆకులు కలిసి ఉండే పాయిజన్ ఐవీని పిల్లలకు చూపించి ముట్టుకోవద్దని చెప్పండి.

పెద్దవాళ్ళను తీసుకురావచ్చా అని చివర్లో మొహమాటంగా అడిగారు. తప్పకుండా తీసుకురండి, ఫోర్సైత్‌కు. నేను కాకినాడవాణ్ణి, ఇక్కడ కనిపించే రడ్డీ టర్న్‌స్టోన్, సాండర్లింగ్, ఇక్కడివాళ్ళు బ్లాక్-బెల్లీడ్ అనే గ్రే ప్లోవర్, ఇవన్నీ చలికాలంలో మా కోరంగి బురదల్లోనూ ఉండే జాతులే అని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. మూడేళ్ళ కిందట కోనసీమ నుంచి వచ్చిన ఒక మామ్మగారు కారు కిటికీలోంచి సెమిపాల్మేటెడ్ ప్లోవర్ పరుగెత్తి ఆగడం చూసి, "ఇది మా తీతువు పిట్ట చుట్టంలా ఉందే" అన్నారు. రెండూ ఒకే కుటుంబానివి. నేను చెప్పకముందే ఆమె నడకనుబట్టి పట్టుకున్నారు. ఆవిడలాంటివారి కోసం ఒక మడత కుర్చీ, స్కోపు కాళ్ళను కుర్చీ ఎత్తుకు దించడానికి వీలు, ఒక గొడుగు, పెరుగన్నం చెడిపోకుండా ఒక ఐసు పెట్టె కారులో పెట్టుకోండి. మీరు ఎంచుకున్న శనివారం ఏ తిథి పడిందో ఇక్కడ రాస్తే, ఏ గంటకు ఇల్లు కదలాలో చూసి చెబుతాను.